బెదిరింపుకు లిఖితపూర్వక అనుమతి

"భయం ఉన్న చోట ప్రతిభ నిలవదు. నేటి నుంచి మన కార్యాలయం నిర్భయ మండలం" అని రాయదుర్గంలోని ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉపాధ్యక్షుడు రామచంద్రం ప్రకటించాడు. సభకు రానివారు సంజాయిషీ రాసివ్వాలని ముందే ఉత్తర్వు వెళ్ళింది కనుక హాలు కిటకిటలాడింది. చప్పట్లు ఆగేలోగా ఆయనకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

"నిర్భ... ఎక్... యం" అన్నాడు. ఒక్కరూ నవ్వలేదు. నిర్భయ మండలంలో నవ్వు ఇంకా అమలుకు రాలేదు.

నాలుగు గంటలకు విదేశీ క్లయింట్లతో మాట్లాడాలి. ఆయన పదోన్నతి ఆ మాటల మీదే ఆధారపడి ఉంది. గదిలోకి వెళ్ళి రెండు సీసాల నీళ్ళు తాగాడు. పంచదార చప్పరించాడు. ముక్కు మూసుకుని ఇరవై దాకా లెక్కపెట్టాడు. ఇరవై ఒకటి ఎక్కిలే చెప్పింది. ఎవరో తలచుకుంటున్నారేమోనన్నాడు టీమ్ లీడర్ భాస్కర్. అంతే, తలచుకుంటున్నది తామేనని చెప్పుకోవడానికి గది బయట జనం వరస కట్టారు. ఎదురుగా నిలబడి తలచుకోవడమేమిటని రామచంద్రం విసుక్కున్నాడు.

ఉలిక్కిపడేలా చేస్తే పోతాయని హెచ్చార్ కృష్ణప్రియ చెప్పింది. కానీ పై అధికారిని బెదిరించే అధికారం ఎవరికుంది? ముగ్గురితో కమిటీ వేసి, "తమరిని మూడూ నలభైకి స్వల్పంగా భయపెట్టుటకు అనుమతి కోరడమైనది" అని మెయిల్ పంపారు. ఎక్కిళ్ళ మధ్యనే ఆయన ఆమోదించాడు. సరిగ్గా మూడూ నలభైకి భాస్కర్ తలుపు తట్టి, రమ్మన్నాక కృష్ణప్రియతో పాటు లోపలికొచ్చి, చేతులు కట్టుకుని "భౌ అండీ" అన్నాడు.

"థాంక్... ఎక్... యూ" అన్నాడు రామచంద్రం.

గది అద్దాలు తుడుస్తున్న వీరలక్ష్మి ఇదంతా చూసింది. రోజూ ఖాజాగూడ నుంచి హౌస్‌కీపింగ్ పనికి వచ్చే మనిషి.

"సార్, చైర్మన్ సారు లిఫ్టుల పైకొస్తుండు" అంది తాపీగా.

రామచంద్రం లేచిన వేగానికి కుర్చీ వెళ్ళి గోడకు కొట్టుకుంది. టై బిగించాడు. తాగుతున్న టీని కప్పుతో సహా డ్రాయర్లో దాచాడు. ముఖం సున్నం కొట్టినట్టయింది. రెండు నిమిషాలు గడిచాయి. ఎక్కిళ్ళు లేవు. చైర్మనూ లేడు.

"ఎవ్వరు వస్తలేరు సార్. మా ఇంట్ల గిట్లనే బెదిరిస్తం, ఎక్కిళ్ళు పోతయి" అంది వీరలక్ష్మి.

కృష్ణప్రియ నేల చూసింది. భాస్కర్ పైకప్పు చూశాడు. రామచంద్రం చెమట తుడుచుకుని, ఏసీ సరిగా పనిచేయడం లేదన్నాడు. చైర్మన్ పేరు వినగానే తాను భయపడ్డానని ఎవరైనా అనుకుంటున్నారా అని అడిగాడు. లేదండీ అన్నాడు భాస్కర్. అస్సలు లేదంది కృష్ణప్రియ. అయినా తృప్తి కలగక ఆయన వీరలక్ష్మి వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పమ్మా. ఇక్కడ ఎవరైనా, ఏదైనా, నిర్భయంగా చెప్పొచ్చు."

ఆమె చేతిలోని గుడ్డ మడిచింది.

"చెప్తే రేపు పనికి రావాల్నా, వద్దా సార్?"

విషయం పరిశీలించి సాయంత్రంలోగా మెయిల్ పంపిస్తానన్నాడు రామచంద్రం. ఆమెకు మెయిల్ లేదు.