మాస్కోలో మన భోజన్న

రష్యా ప్రజల ముక్కులను ఆర్మూరు పసుపు కాపాడబోతున్నదని పసుపు చైతన్య వేదిక వ్యవస్థాపక అధ్యక్షులు భోజన్న గారు జనవరి మొదటి వారంలో ప్రకటించారు. ప్రెస్ మీట్ ఒక హోటల్ మేడ మీద జరిగింది. విలేకరుల తరఫున నేనొక్కడినే హాజరయ్యాను.

"ఇజాజ్ భాయ్, రాసుకో," అన్నారు భోజన్న గారు. "గా దేశంల పద్నాలుగు కోట్ల మంది. అందరికీ సర్దే, ముక్కులు కారుడే. ఒక్కొక్కరు దినాం ఒక్క చెంచ పసుపు పాలల్ల ఏసుకున్నా మన రేటు ఏడికి పోతది? అందుకే నేను, మా శ్రీమతి స్వర్ణలత, ఆరు రోజుల స్టడీ టూర్ పోతున్నం. మాస్కో, సెయింట్ పీటర్స్‌బర్గ్. సొంత ఖర్చుల తోటి. గదే హెడ్డింగ్ పెట్టు."

నేను అదే హెడ్డింగ్ పెట్టాను.

అసలు ఈ ప్రయాణం ఆలోచన స్వర్ణలత గారిది. ఆవిడ ఏర్గట్ల హైస్కూల్లో సోషల్ టీచర్. ఇరవై రెండేళ్లుగా బోర్డు మీద రష్యా పటం గీస్తున్నారు. పెళ్లయి పాతికేళ్లవుతున్నది, ఒక్కసారైనా ఇద్దరమే ఎటైనా వెళ్దామని ఆవిడ అడిగారు. అంతవరకు ఆ దంపతులు చేసిన ప్రయాణాలన్నీ వేదిక జీపులో, ఎనిమిది మంది కార్యకర్తల మధ్య సాగాయి.

మామిడిపల్లి చౌరస్తాలో ట్రావెల్స్ నడిపే అల్తాఫ్ ముందు ఆవిడ ఒక కాగితం పెట్టారు. మూడు రాత్రులు మాస్కో, మూడు రాత్రులు పీటర్స్‌బర్గ్, మధ్యలో నాలుగు గంటల రైలు. భూమి లోపలి మెట్రో స్టేషన్లకు ఒక పూట, మ్యూజియానికి ఒక రోజంతా. మన బ్యాంకు కార్డులు అక్కడ నడవవు, నోట్లు తీసుకెళ్లాలి అని కింద గీత గీసి మరీ రాశారు. గల్ఫ్ టికెట్లు, మక్కాకు ఉమ్రా యాత్ర ప్యాకేజీలు తప్ప ఎరుగని అల్తాఫ్ ఆ కాగితాన్ని సెల్‌ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు.

భోజన్న గారు దానికి మెరుగులు దిద్దారు. మొదటి రోజు, రెడ్ స్క్వేర్‌లో పసుపు పాల పంపిణీ. రెండో రోజు, రష్యా రైతులతో ముఖాముఖి. మూడో రోజు, ఆ రైతులు ఆయనకు చేసే సన్మానం.

"మ్యూజియం ఏది?" అని అడిగారు స్వర్ణలత గారు.

"స్వర్ణా, మ్యూజియంల ఓట్లుంటయా?"

"రష్యాల మీకు ఓట్లున్నయా?"

సరిగ్గా అప్పుడే భోజన్న గారికి ముఖ్యమైన ఫోన్ వచ్చింది.

తర్వాత పద్నాలుగు మందితో ప్రతినిధి బృందం ఏర్పడింది. పసుపు మీద పట్టున్నవారిని ఏరికోరి తీసుకున్నారు. వారిలో పాస్‌పోర్టు ఉన్నవారు ఇద్దరు, ఆ ఇద్దరూ మస్కట్‌లో ఉన్నారు. బృందం విశాల ప్రజాప్రయోజనాల దృష్ట్యా రద్దయింది. మళ్లీ భార్యాభర్తలే మిగిలారు. ఆ రోజు స్వర్ణలత గారి ముఖం చూసినవాడిని నేను. బృందం రద్దయినందుకు అంత సంతోషించిన మనిషి ఆర్మూరులో ఇంకొకరు లేరు.

ఇక ఈ-వీసా. స్వర్ణలత గారు స్కూల్లో లంచ్ బెల్లుకూ తర్వాతి బెల్లుకూ మధ్య తన దరఖాస్తు నింపేశారు. భోజన్న గారి దరఖాస్తు పూర్తవడానికి రెండు రోజులు పట్టింది. వృత్తి అన్న చోట ప్రజాసేవ అని రాయించారు. పనిచేసే చోటు అన్న దగ్గర ప్రజల హృదయాలు. ఫోటోకు ఫ్లెక్సీ మీది బొమ్మనే ఇచ్చారు. నల్లద్దాలు, జోడించిన చేతులు, భుజం పక్కన ఎవరిదో సగం చెవి.

"అన్నా, మామూలు ఫోటో ఇయ్యిండ్రి," అని అల్తాఫ్ బతిమాలాడు.

"మామూలు ఫోటోల నన్నెవలు గుర్తువడ్తరు?"

నాలుగో రోజుకు ఆవిడ వీసా వచ్చింది. ఆయనది రాలేదు. తిరస్కరించామని ఒక్క ముక్కలో జవాబు వచ్చింది. అప్పటికి ఊరంతా 'రష్యాకు పసుపు సూర్యుడు' అన్న ఫ్లెక్సీలు వెలిశాయి.

"నువ్వు పో స్వర్ణా," అన్నారు భోజన్న గారు చివరికి. "నువ్వు పోతే నేను పోయినట్టే."

ఆవిడ భర్తవైపు చాలాసేపు చూశారు. "ఇద్దరం పోదామని అడిగిన నేను."

"అరె, ఇద్దరమే పోతున్నం. ఫోటోలల్ల నీ పక్కన జర జాగ ఉంచు. మిగిలింది ముఖేష్ చూసుకుంటడు."

ముఖేష్‌ది ఫ్లెక్సీల షాపు. నన్ను మాత్రం ఈ సంగతి రాయొద్దన్నారు. పాత్రికేయ విలువలకు కట్టుబడి నేను రాయలేదు.

ఫిబ్రవరిలో వీడ్కోలు ఘనంగా జరిగింది. బ్యాండు, దండలు, కొబ్బరికాయలు. కారు హైదరాబాద్ రోడ్డెక్కింది. డిచ్‌పల్లి దగ్గర ఆగింది. భోజన్న గారు దిగి ఒక మిత్రుడి ఫాంహౌస్‌కు నడిచారు. స్వర్ణలత గారు ముందుకు సాగారు.

మర్నాటి నుంచి ఫోటోలు వచ్చాయి. ప్రతి దాంట్లో ఆవిడ ఒక పక్కకు ఒదిగి, ఎడమవైపు ఒక మనిషి పట్టేంత జాగా వదిలి నిలబడ్డారు. పాలరాతి మెట్రో స్టేషన్‌లోనూ అంతే, మంచు కప్పిన చౌకులోనూ అంతే. ఆ జాగాలో ముఖేష్ భోజన్న గారిని అతికించాడు. మైనస్ పన్నెండు డిగ్రీల చలిలో తెల్ల ఖద్దరు చొక్కాతో చెక్కుచెదరని మన నాయకుడిని చూసి ఊరు పొంగిపోయింది. నేను మాస్కోకు, అంటే ఆయన ఫోనుకు, కాల్ చేసి ఇంటర్వ్యూ తీసుకున్నాను. మాట్లాడుతుండగా వెనక నుంచి "నిజామాబాద్, నిజామాబాద్" అని ఎవరో కేకలేశారు. మాస్కోలో కూడా మన జిల్లాకు ఇంత పేరుందని ఆరోజు రాశాను.

నాలుగో రోజు పీటర్స్‌బర్గ్ ఫోటో వచ్చింది. గడ్డకట్టిన నది, ఒడ్డున స్వర్ణలత గారు. ఫోటోకు సరిగ్గా నడుమ నిలబడి ఉన్నారు. నవ్వుతున్నారు. రెండు చేతులూ బార్లా చాపి ఉన్నాయి.

ముఖేష్ ఆ ఫోటోను అటు జరిపాడు, ఇటు జరిపాడు. "ఇజాజ్ భాయ్, అన్నను ఏడ పెట్టాలె? జాగ లేదు."

ఆ తర్వాత వచ్చిన ఒక్క ఫోటోలోనూ లేదు.

ఏడో రోజు స్వాగతం చెప్పడానికి రెండు బస్సుల్లో శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లాం. బయటికి వచ్చే గాజు తలుపు ఎదుట కార్యకర్తలు వరుస కట్టారు. పోచన్న అనే సీనియర్ కార్యకర్త చేతిలో మోయలేనంత దండ ఉంది. గుంపు వెనకాల స్తంభం పక్కన ఒకాయన మంకీ క్యాప్, మాస్క్ పెట్టుకుని సూట్‌కేసుతో నిలబడ్డారు. వీడ్కోలు నాడు కారెక్కిన ఆ సూట్‌కేసు నాకు బాగా తెలుసు. లోపలికి వెళ్లి మళ్లీ బయటికి వద్దామని అంతకుముందే ఆయన ప్రయత్నించారు. గేటు దగ్గరి జవాను "ఇధర్ సే సిర్ఫ్ బాహర్ ఆతే హై" అని, ఇటు నుంచి బయటికి రావడమే తప్ప లోపలికి పోవడం లేదని పంపేశాడు.

తలుపు తెరుచుకుంది. స్వర్ణలత గారు ఒక్కరే వచ్చారు. నినాదాలు మిన్నంటాయి, తర్వాత సన్నగిల్లాయి.

"మేడం, టూర్ ఎట్లయింది?" అని నేను అడిగాను.

"నదిని చూసిన ఇజాజ్ భాయ్," అన్నారావిడ. "మొత్తం గడ్డకట్టింది. పిల్లలకు ఇన్నేండ్లు చూడకుంట ఉత్తగనే చెప్పిన. ఒక్క దాన్ని గంటసేపు నిలవడ్డ. కాళ్లు మొద్దువారినయి గని కదలబుద్ధి కాలే."

పోచన్న కంగారుగా ముందుకొచ్చాడు. "మేడం, అన్న ఏడి?"

ఆవిడ మా తలల మీదుగా స్తంభం వైపు చూశారు. "వెనకనే ఉన్నరు."

అందరూ ఆవిడ వెనకున్న గాజు తలుపు వైపు చూశారు. బ్యాండు అందుకుంది. ఆవిడ పెట్టె లాక్కుంటూ ఆర్టీసీ బస్సులు ఆగే వైపు వెళ్లిపోయారు.

అరగంట గడిచింది. పోచన్న చేతులు గుంజాయి. చుట్టూ చూసి, స్తంభం దగ్గరి మంకీ క్యాప్ ఆయన దగ్గరికి వెళ్లాడు.

"ఓ పెద్దమనిషీ, మా అన్న వచ్చేదాక జర గీ దండ పట్టుకుంటవా?"

ఆయన పట్టుకున్నారు.