నాలుగొందల పదకొండు నొక్కులు

ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. అమ్మానాన్నా ఆఫీసులకు వెళ్తారు, నాన్నమ్మ ఇంట్లో కూర్చుని లెక్కపెడుతుంది, అంతే. ఆరేళ్ళ మనవరాలికి ఆటిజం. ఏం కావాలన్నా పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళేదే తప్ప నోరు తెరిచి అడిగేది కాదు. అడగడం ఎలాగో థెరపిస్టు రెండు నెలలుగా నేర్పిస్తోంది. ఇవాళ కొలిచే రోజు.

"ఎవరూ మాట అందివ్వకుండా తనంతట తాను అడిగితేనే ఒక నొక్కు. పది దాటితే పై మెట్టు, దాటకపోతే మళ్ళీ మొదటికే" అంటూ నొక్కినప్పుడల్లా ఒక అంకె పెరిగే, గుప్పిట్లో ఇమిడే లెక్కల మిషను ముందురోజే నాన్నమ్మకు ఇచ్చి వెళ్ళింది.

తొమ్మిదింటికి కొడుకు ఫోను చేశాడు. "ఎంతమ్మా?"

"రెండు."

పదిన్నరకి డెబ్బై మూడు! కొడుకు కుర్చీలోంచి ఎగిరిన ఎగురుకి పై అంతస్తువాళ్ళు కిందికి తొంగిచూశారు. ఆఫీసంతా చప్పట్లు. పన్నెండుకి మళ్ళీ చేశాడు.

"నాలుగొందల పదకొండు. పెట్టెయ్‌రా నాయనా, నీతో మాట్లాడుతుంటే లెక్క తప్పుతోంది!"

కొడుక్కి సంతోషం కాస్తా అనుమానమైంది. భార్యకు చెప్పాడు. ఆమె థెరపిస్టుకు చెప్పింది. ముగ్గురూ రొప్పుతూ ఒకేసారి గుమ్మంలో పడ్డారు.

"అత్తయ్యా, ప్రేమకొద్దీ నొక్కేశారా? దొంగలెక్కని తేలితే రెండు నెలల కష్టం మట్టిపాలే!" అంది కోడలు.

"నాదా దొంగలెక్క? నా బొటనవేలు చూడవే, టమాటాలా వాచింది! కూర్చోండి, కళ్ళారా చూడండి."

ఎదురుగా కూర్చున్న పిల్ల మిషను వంక చూసి "ఇంకోటి" అంది. నాన్నమ్మ నొక్కింది. మిషను టిక్కుమంది. పిల్ల పడీపడీ నవ్వి "ఇంకోటి!" అంది. మళ్ళీ టిక్కు. "ఇంకోటి!"

"అడిగితే నొక్కమన్నారు. నొక్కితే అడుగుతోంది. ఎక్కడాపను, చెప్పండి?"

థెరపిస్టు తల పట్టుకుంది. "అన్నీ సొంతంగా అడిగినవే! ఒక్కటీ దొంగది కాదు! ఈ పిల్లకి నచ్చే వస్తువు కోసం సంచులకొద్దీ బొమ్మలు మోశానండీ నేను!"

"అయితే పై మెట్టేనా మేడం?" అంది కోడలు, కళ్ళు తుడుచుకుంటూ.

"పై మెట్టే! కానీ కొలిచే మిషనే బహుమతైపోతే ఇక కొలతెలా? కాగితం మీద గీతలు పెట్టుకోండి" అని మిషను తీసి సంచిలో వేసుకుని జిప్పు లాగేసింది.

పిల్ల లేచి నిలబడింది. థెరపిస్టు కళ్ళల్లోకి చూసింది.

"నాకు టిక్కు ఇవ్వు!"

మూడు మాటలు కలిపి అడగడం పుట్టాక అదే మొదటిసారి. నలుగురూ కేకలు పెట్టారు, కావలించుకున్నారు, గెంతారు. ఆ రోజు లెక్కకు ఎక్కనిది అదొక్కటే.