ఆరు సంతకాల బ్రౌజరు

పింఛను ఆఫీసు కౌంటర్లో పెన్నుని దారంతో కట్టేస్తారు. ఆ దారం ఎప్పుడూ ఫారంలో ఆఖరి గడికి రెండంగుళాలు చాలదు. నడుం వంచి, మెడ తిప్పి, పక్కవాడి మోచేతి కింద నుంచి సంతకం గిలకాలి.

ఈ అవస్థ చూసి మంత్రిగారి గుండె కరిగింది. "ఏటేటా బతికే ఉన్నామని చెప్పుకోవడానికి పింఛనుదారులు ఇక ఏ గుమాస్తా మొహమూ చూడనక్కర్లేదు. హాల్లో కంప్యూటరు పెడుతున్నాం. తెర నొక్కితే చాలు!" అని ప్రకటించి, ఆ ఊపులో కౌంటర్లన్నీ మూయించేశారు.

స్టోర్‌రూంలో ఓ పాత కంప్యూటరు దొరికింది. దానికి బ్రౌజరు ఎంచే భారం కాంట్రాక్టు ఆపరేటర్ నెత్తిన పడింది. తేలికైనదై ఉండాలి, లేకపోతే ఆ ముసలి మెషిన్ మొరాయిస్తుంది. జనం పింఛను ఫారం దాటి ఇంకే సైటుకీ పోకుండా బిగించీ ఉండాలి. అతను నాలుగు బ్రౌజర్లు వేసి, తీసి, చివరికి బుద్ధిమంతురాలైన ఒకదాన్ని పట్టుకున్నాడు. ఈ ఏడు తన మామగారూ దాని ముందే నిలబడాలి కనుక కాస్త శ్రద్ధగానే వెతికాడు.

ఫైలు పైకి వెళ్ళింది. ఆ ఆఫీసులో ఒక మర్యాద ఉంది. సంతకం పెట్టే ప్రతి అధికారీ తన వంతుగా ఒక షరతు రాయాలి. ఊరికే పెడితే ఫైలు చదవలేదనుకుంటారు. మొదటాయన అడ్రస్ బార్ తీసేయమన్నారు. రెండో ఆయన వెనక్కి వెళ్ళే బటన్ వద్దన్నారు, ప్రభుత్వం ముందుకే పోతుంది కనుక. మూడో ఆయనకి కీబోర్డు మీద అనుమానం. నాలుగో ఆయన ప్రింటరు పీకించారు, అయిదో ఆయన మౌసు. ఆరో సంతకం డైరెక్టర్‌గారిది. ఆయన చాలాసేపు ఆలోచించి, తెర నొక్కితే ఏదో ఒకటి తెరుచుకుంటోందని కనిపెట్టారు. అది ఆపమన్నారు.

"సార్, నొక్కితే తెరుచుకోకపోతే ఫారం ఎలా వస్తుందండీ?"

"ఫారం సంగతి ఫారం సెక్షన్ చూసుకుంటుందయ్యా. నీది బ్రౌజరు."

ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు తెర మీద వేలు పెట్టారు. తెర నిండా ఆయన ఫొటో నవ్వుతోంది. ఆయనా నవ్వారు.

"ఎంత స్పీడయ్యా! దీన్నెవడైనా హ్యాక్ చేస్తాడా?"

"హ్యాకరే కాదు సార్, ఎవరూ ఏమీ చేయలేరు!" అన్నారు డైరెక్టర్‌గారు గర్వంగా.

నెలాఖరుకి మామగారు క్యూలో రెండు గంటలు నిలబడి ఆపరేటర్ గదికి వచ్చారు.

"ఏమోయ్ అల్లుడూ, ఎంత నొక్కినా మంత్రిగారే వస్తున్నారు గానీ ఫారం రావట్లేదు. రేపటితో గడువైపోతుంది. నేను పోయాననుకుంటారు కదటోయ్!"

ఆపరేటర్ ఆయన్ని వెంటబెట్టుకుని డైరెక్టర్‌గారి గదిలోకి పరిగెత్తాడు.

"వీరు బతికే ఉన్నారని నాకు కనిపిస్తోందయ్యా," అన్నారు డైరెక్టర్‌గారు, మామగారికి కుర్చీ చూపించి, "కానీ నాకు తెలిస్తే సరిపోదు, మెషిన్‌కి తెలియాలి. బ్రౌజరుకి వేసిన తాళాలు తీయాలని ఫైలు పెట్టు."

ఫైలు పెట్టాడు. వారం తర్వాత ఆరు సంతకాలతో, ఆరు కొత్త షరతులతో తిరిగొచ్చింది.

ఈలోగా పథకం ఫలితాలు వచ్చాయి. హాల్లో కంప్యూటరు దుర్వినియోగం: సున్నా. పింఛను జాబితాలోంచి ఏరివేసిన మృతులు: పదకొండు వందల మంది. ఇంతమంది పోయినా ఇన్నేళ్ళూ ఒక్క గుమాస్తా పసిగట్టలేదని మంత్రిగారు సభలో బాధపడ్డారు. బ్రౌజరు ఎంపికకి గాను ఆపరేటర్‌కి ప్రశంసాపత్రం, శాలువా ప్రకటించారు.

నిన్న ఇంటికి మంత్రిగారి సంతాప లేఖ వచ్చింది. మామగారే కవరు చించి, కళ్ళజోడు సవరించుకుని, రెండుసార్లు చదువుకున్నారు.

"బతికుండగా నా గురించి ఒక్కడూ ఇంత బాగా చెప్పలేదోయ్," అని లోపలికెళ్ళి పడుకున్నారు.

సోమవారం సన్మానం. ఇవాళ పొద్దున్నే మామగారు ఇస్త్రీ చొక్కా తీసి కుర్చీకి వేశారు. సభకి తనూ వస్తారట. వద్దంటే ఊరుకునేలా లేరు. మొదటి వరుస ఆ ఆరుగురు అధికారులకి, రెండోది పత్రికల వాళ్ళకి. మరి ఈయన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో ఆపరేటర్‌కి పాలుపోవడం లేదు. తెలిసిన పాఠకులు ఆదివారం సాయంత్రంలోగా చెబితే పుణ్యముంటుంది.