ముచనేత కడుపు ఎందుకు చెడింది

ఆ గురువారం ప్రార్థనకు వెళ్ళకూడదని మాయి రునాకో, అంటే రునాకో వాళ్ళమ్మ, ఉదయమే నిశ్చయించుకుంది. వెళుతున్నట్టు మాత్రం కనబడాలి. చర్చి సంఘం ఆడవాళ్ళు ప్రార్థనకూ చావింటికీ తొడిగే ఎర్ర జాకెట్టు, తెల్ల టోపీ వేసుకుని, తన కుక్క వెనకాలే నడిచి, అది ఎక్కడ ఏం తింటోందో కళ్ళారా చూడాలి.

కుక్క పేరు ముచనేత. షోనా భాషలో ‘మీరే అలిసిపోతారు’ అని అర్థం. మామిడికొమ్మ దగ్గర తగువొచ్చి పక్కింటి మాయి తారిసాయితో మాటలు ఆగిపోయిన ఏడాది తెచ్చుకున్న కుక్క అది. ముచెకె పేటలో అలాంటి పేర్లు కొత్త కాదు. మనిషిని అనలేని మాటను కంచె పక్కన నిలబడి కుక్కను పిలుస్తూ అనేయవచ్చు.

ఇప్పుడు అలిసిపోయింది కుక్కే. శుక్రవారం వచ్చేసరికి నల్లగా విరేచనాలు చేసుకుంటూ గుమ్మంలో పడి ఉంటుంది. తేరుకునేలోగా మళ్ళీ శుక్రవారం వస్తుంది. పశువుల డాక్టరు పురుగుల మందు ఇచ్చి చూశాడు, తిండి మార్పించి చూశాడు. చివరికి, “ఇది మీ ఇంటి తిండి వల్ల కాదమ్మా. బయట ఎవరో ఏదో పెడుతున్నారు,” అన్నాడు.

ఎవరో అనగానే మాయి రునాకోకు కనబడింది ఒకే ముఖం.

“ప్రార్థనకి ఆవిడెప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. ఆ కాసేపూ ఏం చేస్తుందంటారు?” అని భర్తను అడిగింది.

“అత్తగారు మంచంలో ఉంది కదే. జావ తాగించి వస్తుందేమో,” అన్నాడాయన.

“విషం కలిపేదీ జావలోనే.”

ముచనేత గేటు దాటి, పక్కింటివైపు తలైనా తిప్పకుండా బజారు దారి పట్టింది. మాయి రునాకో తల వంచుకుని నెమ్మదిగా వెనకే నడిచింది. కూరగాయల దుకాణాల దగ్గర సంఘంలోనే ఉన్న మాయి ఫరిసాయి ఎదురైంది. ప్రార్థన బట్టలు వేసుకుని, ప్రార్థనకు కాకుండా మరోవైపు, నేలచూపులు చూస్తూ పోతున్న మనిషిని చూసి ఆమె గొంతు తగ్గించింది.

“ఎవరింటికి వదినా?”

“ఇంకా తెలీదు.”

“అయ్యో. మంచాన పడి చాలా రోజులైందా?”

కళ్ళు కుక్క మీద నుంచి తిప్పకుండానే, “వారాలబట్టి నరకయాతన పడుతోంది పాపం,” అంది మాయి రునాకో.

చావు కబురును గుచ్చి గుచ్చి అడగడం మర్యాద కాదు. మాయి ఫరిసాయి టమాటాల బుట్ట అక్కడే వదిలి వెంట నడిచింది. బస్సు స్టాపు దగ్గర సంఘం ఆడవాళ్ళు ఇంకొందరు కలిశారు. ముందున్నవాళ్ళకు తెలిసే ఉంటుందని వెనకవాళ్ళు ఊరుకున్నారు. ఎవరో చావుపాట ఎత్తుకున్నారు. దారినపోయే మగవాళ్ళు టోపీలు తీసి నిలబడ్డారు. మాయి రునాకో వెనక్కి తిరిగి చూసింది. ఇంతమందికి, నేను కుక్క వెంట పోతున్నానని ఏ నోటితో చెప్పడం? ముచనేత మాత్రం తీరుబడిగా మాంసం కొట్టు చుట్టి, వెనక వీధిన తిరిగొచ్చి, మాయి తారిసాయి గేటులోకి దూరింది. ఊరేగింపూ దూరింది.

మాయి తారిసాయి అప్పుడే ప్రార్థనకని బయలుదేరి వీధి మలుపు దాకా వెళ్ళింది. పాట విని వెనక్కి తిరిగింది. చేతిలోంచి బైబిలు జారిపోయింది. “అత్తయ్యా, ఇప్పుడే కదా జావ తాగారు,” అంటూ పరుగెత్తుకొచ్చి తన వాకిట్లోనే పడి దొర్లింది. ఎదురుగా ఉన్న మాయి రునాకో కాళ్ళు పట్టుకుంది.

“నా మీద అంత కోపం ఉండీ, అందరికంటే ముందు మీరొచ్చారు.”

మాయి రునాకో నిజం చెబుదామని నోరు తెరిచింది. ఏడుపు వచ్చింది. ఆమెను పొదివి పట్టుకుని ఏడ్చేసింది. అది చూసి అందరూ ఏడ్చారు. ఎవరో పొయ్యి రాజేశారు. మాయి రునాకో భర్తే కట్టెలు మోసుకొచ్చాడు. వచ్చినవాళ్ళకని సద్జాకు, అంటే మొక్కజొన్న సంకటికి, పెద్ద కుండలో ఎసరు పెట్టారు.

శవాన్ని చూడటానికి లోపలికి వెళ్ళిన ఆడవాళ్ళకు మంచం ఖాళీగా కనబడింది. భయపడి పెరట్లోకి పరుగెత్తారు.

గోడ పట్టుకుని వచ్చిన ముసలావిడ అక్కడ చాప మీద కూర్చుని ఉంది. ఎదురుగా ముచనేత. ఆవిడ తలగుడ్డ కొసన ముడి విప్పి, ఎర్ర మాత్రలు తీసి, సద్జా ముద్దలో దూర్చి దాని నోటికి అందిస్తోంది. రక్తం పట్టడానికి ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలవి. కోడలు ఎదురుగా నిలబడితే బుగ్గన దాచి, వారమంతా ముడి వేసుకుని, ఇల్లు ఖాళీ అయ్యే గురువారం కుక్కకు పెడుతోంది.

“అందుకేనా అత్తయ్యా, రోజురోజుకీ ఇలా చిక్కిపోతున్నారు?” అంది మాయి తారిసాయి, కళ్ళు తుడుచుకోవడం మరిచిపోయి.

“తుప్పు వాసన తల్లీ. నా వల్ల కాదు. ఇది పిచ్చిది, ఏం పెట్టినా తింటుంది.”

మాయి రునాకో కుక్కను అవతలికి లాగి, మోకాళ్ళ మీద కూర్చుని, ముద్దలోంచి ఒక మాత్ర వెతికి తీసింది. మాయి తారిసాయి నీళ్ళు తెచ్చి అత్తగారి తల పట్టుకుంది.

“మింగండి అమ్మమ్మా. రేపట్నుంచి రోజూ నేనూ వచ్చి నిలబడతాను,” అంది మాయి రునాకో.

తప్పించుకునే దారి లేక ముసలావిడ మింగింది. అప్పటికి గాని ఎర్ర జాకెట్ల గుంపును పరికించి చూడలేదు.

“ఎవరు పోయారు?”

ఆవిడ వాళ్ళ ముఖాలు, వాకిట్లో లేస్తున్న పొగ చూసి అర్థం చేసుకుంది.

“పాట ఏం బాగాలేదు. అసలు రోజుకైనా నేర్చుకుని రండి,” అంది.

ఎసరు అప్పటికే మరుగుతోంది కనుక ఎవరూ ఇళ్ళకు వెళ్ళలేదు.