బారెడు గొప్ప

"మన భవనం నెత్తిన ఏది నిలబడినా అది మన గౌరవాన్ని ఆకాశానికెత్తాలి!"

అని భవన సంఘం అధ్యక్షులవారు సభాముఖంగా ప్రకటించారు. సభ అంటే మెట్ల కింద వేసిన నాలుగు కుర్చీలు. ఎదురుగా నిలబడ్డ లెక్కల మాస్టారికి కావలసింది గౌరవం కాదు, డాబా మీద ఒక ఏంటెన్నా గొట్టం నిలబెట్టుకోవడానికి అనుమతి. ఇంట్లోంచే దేశదేశాలతో మాట్లాడే హామ్ రేడియో ఆయన దగ్గరుంది, లైసెన్సూ ఉంది. ఓడలో పనిచేసే బావ దగ్గరా అలాంటి సెట్టే ఉంది; ఆదివారాలు పొద్దున పిలుస్తానని చెప్పి మరీ ఓడెక్కాడు. నడిసముద్రంలో ఫోను అందదు. మొగుడి గొంతు విని నెలలైనా అక్క పైకి నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు చూస్తే మాస్టారికి గుండె తరుక్కుపోతుంది.

"మీ గొట్టం ఎంత పొడవు?"

"మూడు నిలువులండీ. లెక్క ప్రకారం కోశాను."

"చాలదు! పక్క భవనం వాళ్లది ఇంకా ఎత్తు. మనదానికి బారెడు ముక్క కలపండి."

"అది వాళ్ల మరుగుదొడ్ల గాలి గొట్టమండీ!"

"ఏదైతేనేం? ఎత్తుగా ఉందా, లేదా?"

పొడవు పెంచితే అవతలి మాట వినబడుతుంది గానీ ఇవతలి మాట వెళ్లదని మాస్టారు నచ్చజెప్పబోయారు. అధ్యక్షులవారు హాయిగా నవ్వారు.

"ఎత్తయితే వీధి వీధంతా చూస్తుంది మాస్టారూ! మాటలెవరు చూడొచ్చారు?"

కాదంటే అనుమతి లేదు. అక్కకు బావ గొంతైనా వినిపిద్దామని మాస్టారు తలూపారు.

ఆదివారం పొద్దున డాబా మీద ప్రారంభోత్సవం. పెద్ద ఆఫీసరుగారు వేంచేశారు. గొట్టానికి బంగారు రంగు, దాని కింద అధ్యక్షులవారి పేరున్న పలక. మాస్టారి పేరుకు చోటు చాల్లేదట!

"ఇప్పుడు విదేశం మనతో మాట్లాడుతుంది!" అన్నారు అధ్యక్షులవారు.

రేడియో దగ్గర్నుంచి గొంతు ఖంగుమంది. "హలో! మీ భవనం ఖ్యాతి మా దేశంలో మారుమోగుతోంది! మీ అధ్యక్షులవారు కులాసాయేనా?"

చప్పట్లే చప్పట్లు! మాస్టారు మాత్రం నోరెళ్లబెట్టారు. ఆయనింకా సెట్టు ఆన్ చేయనే లేదు! గాభరాగా మీట నొక్కారు.

గరగరమంటూ ఇంకో గొంతు. "బామ్మర్దీ, వినబడుతోందా? మీ అక్క ఉందా పక్కన?"

"ఏరా, పలకవేం? ఉన్నానని చెప్పరా!" అంది అక్క, తమ్ముడి భుజం కుదిపేస్తూ. మాస్టారు మైకులో అరిచారు. ఆ అరుపు డాబా దాటలేదు.

ఆఫీసరుగారు మొహం చిట్లించారు. "ఆ విదేశం గొంతు ఎంత స్పష్టంగా ఉంది! ఈ గరగర గొంతువాడెవడో ఇక్కడే దాక్కుని మాట్లాడుతున్నాడు. మోసం! వెతకండి!"

"ఎందుకులెండి సార్, పాపం!" అన్నారు అధ్యక్షులవారు, ఎన్నడూ లేని జాలితో.

అప్పటికే బంట్రోతు నీళ్లట్యాంకు కింద గది తలుపు తీశాడు. లోపల అధ్యక్షులవారి అల్లుడు! కళ్లు మూసుకుని ఫోనులో "మా దేశ ప్రజల తరఫున..." అంటున్నాడు. అవే మాటలు రేడియో వెనక దాచిన మరో ఫోనులోంచి వినబడుతున్నాయి.

"అల్లుడుగారూ! విదేశం నుంచి ఎప్పుడొచ్చారు?" అని ఎవరో కుశలమడిగారు.

మాస్టారు ఎవరి అనుమతీ అడగలేదు. గొట్టాన్ని నేలకు వంచి, కలిపిన బారెడు ముక్క ఊడదీసి, మళ్లీ నిలబెట్టి మైకు అందుకున్నారు.

"బావా, ఉన్నాం!"

"హమ్మయ్య! దొరికావురా! అక్కకివ్వు!"

అక్క మైకు పట్టుకుంది గానీ ఏడుపు ఆగితేగా! అధ్యక్షులవారు నెమ్మదిగా పక్కకొచ్చి, ఆఫీసరుగారికి వినబడేలా అడిగారు.

"అమ్మా, ఇదైనా విదేశమేనా?"

"కాదండీ," అంది అక్క కళ్లు తుడుచుకుంటూ. "మా ఆయన."