బాలరాజు సార్ మీసంపై మహేశ్వరి దండయాత్ర

శ్రావణమేఘంబులు ఆలూరు మీదుగా గర్జించుచు వచ్చి, ఆదోని కొండలపై ఒక్క చినుకైనను రాల్పక, హొళగుంద దారిబట్టి కన్నడసీమకు పలాయనము చిత్తగించిన ఒకానొక సోమవార ప్రభాతమున, మగ్గముల మోతతో మేల్కాంచు ఎమ్మిగనూరు పట్టణంబున, ఇస్త్రీచీరను కవచముగ ధరించి, జొన్నరొట్టెల డబ్బాను డాలువలె చంకనిడికొని, పతిసమేతయై, వీరమాత మహేశ్వరి బడిమీదికి దండు వెడలెను.

ఆ సమరకారణం బెట్టిదనిన: ఆమె ఏకైక పుత్రిక, ఆరవ తరగతి చదువు మోక్షితకు వినికిడి తక్కువ. చెవి వెనుకనున్న మిషను శబ్దమును మాత్రమే చేర్చును. మాటను ఆ బాలిక ఎదుటివారి పెదవులనుండియే పట్టుకొనును. కిందటి నెల తల్లిదండ్రులిరువురు హెడ్మాస్టరు సన్నిధికేగి మొదటి బెంచీ కోరిరి. ఆ ఘట్టమున, మగ్గముల హోరును ఒక్క కేకతో జయించు నేతవీరుడు సుధాకరుడు "నమస్కారం సార్, బాగుండారా సార్" అని పలికి కొయ్యబారిపోగా, మహేశ్వరియే తడబడి, చెమటలోడి, ఎట్టకేలకు బెంచీ సాధించెను. అయినను లెక్కల పాఠము పిల్లకు అందదాయెను.

"ముందర కూర్చున్నా ఎందుకు అర్థం కాలేదే?" అని తల్లి అడిగినది.

"సార్ మూతి కనపడదుమ్మా. మీసమే కనపడతాది," అనెను మోక్షిత.



"బెంచీ అంటే అడిగితిమి. మీసం యాడ అడిగేది మే?" అని సుధాకరుడు వణికెను. "సార్‌కు కోపమొచ్చి పాపను క్లాసులో ఏమన్నా అంటే?"

"నాకూ అదే భయమప్పా. అట్లని గమ్మునుంటే పిల్ల గతేమి?"

అట్లు తెగించి వారు స్టాఫ్ రూము ప్రవేశించునప్పటికి, గణితసార్వభౌముడు బాలరాజు సార్ కుర్చీపై కొలువుదీరి యుండెను. ఆహా, ఏమా మీసము! ఇరుప్రక్కల వృశ్చికపుచ్ఛంబులవలె పైకెగసి, నడుమ కోటతలుపువలె క్రిందికి జారి, పై పెదవిని సమూలముగ కబళించి, క్రింది పెదవి పొలిమేరలను సైతము ఆక్రమించి, నూనెతో నిగనిగలాడు ఆ నల్లని దుర్గమును గాంచి మహేశ్వరి రొట్టెల డబ్బాను మరింత గట్టిగ అదిమిపట్టెను.

ఆయనే ముందు బాణము విడిచెను.

"మంచిదయ్యింది, మీరే వచ్చినారు. పాప తెలివైనదే గానీ నేను చెప్పేది పట్టించుకోదమ్మా. కర్నూల్లో ఇట్లాంటి పిల్లల బడి ఉంది. హాస్టలు గూడా ఉంది. ఆలోచించండి."

హాస్టలు! ఆ మాట తల్లి రొమ్మున బల్లెమై దిగెను. "ఓరి గణితసార్వభౌమా! నీ ముఖద్వారమున వ్రేలాడు ఆ కారుచీకటి తెరను తక్షణమే తొలగింపుము, కాదేని నా క్రోధాగ్నిలో..." అని ఆమె అంతరంగము గర్జించెను. నోటినుండి మాత్రము "సార్, మీ మీసం..." అనునంతయే వెలువడెను.

"మీసానికేమమ్మా?"

సుధాకరుడు సీలింగు ఫ్యానును తదేకధ్యానముతో వీక్షింపసాగెను.

"బాగుంది సార్," అని మహేశ్వరి వెనుకంజ వేసెను. మరుక్షణమే హాస్టలు తలపునకు రాగా, కాలు నిలదొక్కుకొనెను. "బాగుంది గానీ, మా పాపకు అడ్డం సార్. అది చెవుల్తో సగం, కండ్లతో సగం వింటాది. మీ పెదిమలు కనపడితేనే మాట తెలుస్తాది. మీరు బోర్డు తట్టు తిరిగి సెప్తే అదీ లేదు. పట్టించుకోక కాదు సార్, అందక."

"కర్నూలుకు పంపం సార్! ఈడే సదువుతాది!"

అది సుధాకరుని మగ్గపు కేక! బీరువాపై సుద్దముక్కల పెట్టె గజగజలాడెను; తెలుగు టీచరమ్మ చేతిలోని టీ తొణికెను. కేకవేసినవాడే అందరికంటె అధికముగ ఉలికిపడెను.

బాలరాజు సార్ మీసమును నిమురుకొనుచు పాపను పిలిపించెను. గొంతు పెగల్చక, పెదవులతో మాత్రము "ఏడెనిమిదులు?" అనెను. మోక్షిత బిక్కమొగము వేసెను. పిదప ఆ మహానుభావుడు రెండు వేళ్ళతో మీసమును పైకెత్తి పట్టి, మరల అట్లే అడిగెను.

"యాభైయారు సార్!"

ఆయన మొగము చిన్నబోయెను. "అంటే ఇన్ని దినాలూ నేను ఈ పాపకు పాఠం చెప్పనే లేదు," అని గొణిగి, "ఎంత తీయల్లమ్మా?" అని శిష్యురాలినే అడిగెను. పిల్ల చిటికెనవేలు అడ్డముగ చూపెను.

"సరే. కొసలు మాత్రం ముట్టను."

"కొసలు ఉండనీ సార్. బాగుండాయి," అని మహేశ్వరి అభయమిచ్చెను.

సంధి కుదిరెను. మరునాడు, చిరకాల చెరనుండి విముక్తమైన పై పెదవితో, బోర్డుకు వీపు చూపి, పిల్లల దిక్కు తిరిగి, బాలరాజు సార్ పాఠము ప్రారంభించెను. ఆ సాయంకాలము మోక్షిత సంచీనైనను దింపక తల్లివద్దకు పరుగెత్తుకొని వచ్చెను.

"అమ్మా! సార్ మమ్మల్నందర్నీ 'బంగారాలూ' అని పిలుస్తాడు! నాకు ఈ పొద్దే తెలిసింది!"

మహేశ్వరి కొంగుతో కన్నులొత్తుకొనెను. ఓ దిక్పాలకులారా, ఆలకింపుడు! ఎమ్మిగనూరు క్షేత్రమున జరిగిన ఘోరసంగ్రామమున, మహేశ్వరీ సుధాకరులు చిటికెనవేలెడు వెడల్పు మీసమును జయించిరి!