మారయ్య ఇంజను చల్లార్చిన వైనం

గోదావరీ మంజీరలు కూడు చోటికి అనతిదూరమున, మహారాష్ట్రమందుండియు తెలుగు మరువని పల్లెల నడుమ వెలసిన కుండల్‌వాడి పట్టణమున, మిరుగు అను మృగశిర కార్తెకు నాలుగే దినములు మిగిలియుండగా, నల్లరేగడి నెఱ్ఱెలు విచ్చి వాననీటికై నోళ్లు తెఱచియుండగా, ఒకానొక ప్రాతఃకాలమున, షేర్ జీపు వెనుక నుండి ఇద్దరు వీరులు ధరణిపై పాదము మోపిరి.

మొదటివాడు మారయ్య. ముప్పది వత్సరములు పరుల పొలముల కూలి చేసి, అందు పదునెనిమిదేండ్లు ఒక ఆసామి ట్రాక్టరు తోలి, ఇంజను దగ్గు విన్నంతనే రోగము చెప్పగల యంత్రవైద్యశిరోమణి. రెండవది ఆతని ధర్మపత్ని వెంకవ్వ. నిరుడు వానాకాలమున, ఎడ్లబండియు ట్రాక్టరును దిగబడు వాగు దాటి, తమ కౌలు పొలమునకు ఎరువు మూట నెత్తిన మోయుచు, జారిపడి మోకాలు చెడిన వీరనారి. ఆ పంకమున మూట మోయు వాహనమొకటి దొరకనిచో ఈ యేడు కౌలు విడువవలసినదే. అట్టి వాహనము యోగేశ్ అను యువకుని రేకుల షెడ్డులో అమ్మకమునకున్నదని విని వారు వచ్చిరి.

అది మూతబడిన విహారస్థలమొకదాని నుండి యోగేశ్ కొని తెచ్చిన పాత ఏటీవీ, మోటారుసైకిలువలె ఎక్కి తోలు నాలుగు చక్రముల బండి. గుంటయు గుట్టయు దానికొక్కటే. గున్నయేనుగు పాదములవంటి నాలుగు లావు టైర్లతో, తళతళ కడిగిన దేహముతో అది మౌనముగా నిలిచియుండెను.

"పొద్దుగాల్ల నుంచి దీన్ని ఎవ్వలు ముట్టలేదు కాకా," అని యోగేశ్ పలికెను. "ఒక్క సెల్ఫ్ కొడితే పులి లెక్క లేస్తది. ఎక్కున్రి, ఒక రౌండ్ కొట్టి సూడున్రి."

మారయ్య ఎక్కలేదు. కూలిపనులచే కాయలు కాచిన తన దక్షిణహస్తమును ఇంజనుపై నుంచెను. ఉంచిన క్షణముననే వెనుకకు దీసికొనెను. ఇంజను కాలుచుండెను.

అంతట నా మహానుభావుడు కంఠము సవరించుకొని ఇట్లనెను:

"ఇను బిడ్డా. ఉడుకుడుకు ఇంజను ఎవ్వలు కొట్టినా లేస్తది. సల్లటి ఇంజనే నిజం మాట్లాడుతది. పొద్దుమీకినా మంచిదే, ఇది సల్లారేదాక మేం ఈడికెల్లి కదలం."

వెంకవ్వ సంచిలోని గోనెపట్టా తీసి పఱచెను. ముట్టడి ఆరంభమయ్యెను.

యోగేశ్ మొదట చాయ్ అను అస్త్రమును ప్రయోగించెను. దంపతులు చాయ్ త్రాగి కదలకుండిరి. పిదప ఫోను చెవిని బెట్టి, "హో సాహెబ్, యా, యా, గాడీ తయార్ ఆహే," అని, బండి సిద్ధము రమ్మనుచు, వేరొక కొనుగోలుదారుని మరాఠీలో ఆహ్వానించెను.

"ఆ సాహెబును గూడ రమ్మను బిడ్డా," అనెను వెంకవ్వ. "గోనె పెద్దగనే ఉన్నది."

యోగేశ్ ఫోను జేబులో పెట్టుకొనెను.

అంతలో మారయ్య ఒక్కొక్క చక్రమును రెండు చేతుల బట్టి ఊపెను. మూడు చలింపలేదు, ముందటి ఎడమచక్రము కటకటలాడెను. బేరింగు అరిగినదని గ్రహించెను. బండి క్రింద వెల్లకిల దూరి చూడగా, చట్రమున పగులు లేదుగాని, అదే చక్రపు ఇరుసు కీలును కప్పిన రబ్బరు తొడుగు చినిగి, గ్రీజు కారిపోయి, దాని స్థానమున మట్టి కాపురముండెను. పైకి వచ్చి నూనె పుల్ల తీసి చూచెను. నూనె నల్లగా నుండెను, నీరు కలిసిన తెల్లదనము లేదు. ఇంజనులోనికి నీరు చొరలేదని ఆతడు లోలోన సంతసించెను. ఈ బండి బాగుండవలెనని అమ్మువానికన్న ఎక్కువగా ఆతడే కోరుకొనుచుండెను. గోనెపై మోకాలు చాచుకొని కూర్చున్న ఇల్లాలి వైపు చూచినప్పుడెల్ల ఆ కోరిక బలపడుచుండెను.

మధ్యాహ్న మార్తాండుడు పడమటికి ఒరగిన వేళ, ఐదవమారు హస్తముంచగా, ఇంజను కుండలో నీటివలె చల్లగా తగిలెను.

మారయ్య సెల్ఫ్ నొక్కెను. కిర్రుమని ఊరకుండెను. రెండవమారు నొక్కెను. దగ్గి ఊరకుండెను. యోగేశ్ ఆకాశమును పరీక్షింపసాగెను. మూడవమారు షెడ్డు రేకులు అదరునట్లు ఇంజను గర్జించి, నీలిధూమమును కక్కెను. ఆ పొగ ఆగనిచో ఇంజను లోపల అరిగిపోయినట్లే. మారయ్య అంకెలు లెక్కించెను. పదకొండవ అంకెకు పొగ పలుచనై మాసిపోయెను.

"గింత మంచి ఇంజన్ను ముందుగాల్ల ఎందుకు గరం జేసి పెట్టినవ్?" అని ఆతడు మెల్లగా అడిగెను.

యోగేశ్ తల వంచెను. "మూడుసార్లు కొడితెనే లేస్తదంటే ఎవ్వలు కొనరని బుగులైంది కాకా."

"నన్ను లేపాల్నంటే మీ చిన్నమ్మ నాల్గుసార్లు పిలువాలె. అట్లని ఇడిసిపెట్టిందా?"

బేరము కుదిరెను. బేరింగు మార్చుటకు యోగేశ్ ఒప్పుకొనెను. రబ్బరు తొడుగునకు మాత్రము ఒప్పుకొనలేదు. "అది లేకున్నా బండి నడుస్తది కాకా," అని వాదించెను. మారయ్య కీలులోని మట్టి వ్రేలితో తీసి చూపెను. యోగేశ్ చలింపలేదు.

అప్పుడు వెంకవ్వ లేచి, మోకాలు చేతబట్టుకొని, మెట్టుపై కాలు మోపి, బండి వెనుక సీటు నధిరోహించెను.

"అది ఏసేదాక నేను దిగ," అనెను.

యోగేశ్ ఆమెను చూచెను, పొద్దును చూచెను, పిదప తొడుగు తెచ్చుటకు పక్కనున్న విడిభాగముల దుకాణము వైపు నడిచెను.

ఇట్లు జ్యేష్ఠమాసమున, నాందేడ్ జిల్లా కుండల్‌వాడి రణరంగమున, పిడికెడంత రబ్బరు తొడుగు జయింపబడెను. దాని కట్టు బిగియువరకు వెంకవ్వ జాకీపై లేచిన బండి నుండి దిగలేదు. బిగిసిన పిదపను దిగలేదు.